నాగావళి ఒడ్డు, ఏడు రోడ్ల బజారు: శ్రీకాకుళంలో తరచుగా అడిగే ప్రశ్నలు

కొంతకాలంగా మా ఊళ్లో నలుగురు కూర్చుంటే మాట రెండు చోట్లకే వెళ్తోంది. నాగావళి ఒడ్డున గజం ఎంత పలుకుతోంది అన్నది ఒకటి. ఏడు రోడ్ల జంక్షన్ చుట్టూ ఉన్న పాత బజారు ఎందుకిలా పలచబడిపోయింది అన్నది రెండోది. మా వీధివాళ్లు, తెలిసిన వర్తకులు, ప్లాట్లు కొందామనుకుంటున్న బంధువులు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. నా అభిప్రాయం దాచుకోను. కొత్త పెట్టుబడి, కొత్త అంతస్తులు పాత బజారుకు రావాలి. నది ఒడ్డు మాత్రం ఊరందరూ నడిచే చోటుగా మిగలాలి. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నది ఒడ్డు సంగతి వేరు, బజారు సంగతి వేరు కదా. రెండూ కలిపి ఎందుకు మాట్లాడుతున్నారు?

రెండు చోట్లా తిరిగేది ఒకే డబ్బు కాబట్టి. హైదరాబాదులో, గల్ఫ్‌లో, ఆర్మీలో పనిచేసే మన పిల్లలు కూడబెట్టిన సొమ్ము ఏడాదికోసారి ఊరికి వస్తుంది. దాన్ని ఎక్కడ పెట్టాలంటే అందరూ చెప్పేది ప్లాటే. హైవే పక్కన వెంచర్‌లో ఒకటి, లేకపోతే నది వైపు ఒకటి. బజారులో పాత మేడ కొని బాగుచేసుకుందామనే ఆలోచన ఎవరికీ రాదు. వచ్చినా కాగితాలు, వాటాలు, పార్కింగు అని నాలుగు అడ్డంకులు చెప్పి ఆపేస్తారు. ఒడ్డున ఇల్లు కట్టడం తేలికగా ఉండి, బజారులో కట్టడం కష్టంగా ఉంటే డబ్బు ఎటు పోతుందో వేరే చెప్పక్కర్లేదు. దీన్ని తిరగేయాలన్నదే నా వాదన.

నది ఒడ్డు అసలు ఎవరిది?

నది గర్భం ప్రభుత్వానిది. 1905 నాటి భూ ఆక్రమణల చట్టమే నదులు, వాగులు, చెరువులు ప్రభుత్వ ఆస్తి అని చెప్పింది. మన దగ్గర రికార్డుల్లో దీన్ని నది పోరంబోకు అని రాస్తారు. దాని పక్కన జిరాయితీ భూములు, అంటే సొంత పట్టా భూములు, ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డీ పట్టా భూములు, గుళ్లకు చెందిన భూములు కలగలిసి ఉంటాయి. చూడటానికి అంతా ఒకే ఇసుక మేటలాగా, ఒకే తోటలాగా కనిపిస్తుంది. హద్దులు పటంలోనే తెలుస్తాయి.

కాగితం మాట పక్కన పెడితే, ఆ ఒడ్డుతో ఊరందరికీ పని ఉంది. గుడి వీధి ఉమారుద్ర కోటేశ్వరుడి దగ్గరకు వెళ్లేవాళ్లు, కార్తీకంలో దీపాలు వదిలేవాళ్లు, పెద్దలకు పిండాలు పెట్టేవాళ్లు, చవితి తర్వాత వినాయకుణ్ణి నిమజ్జనం చేసేవాళ్లు అందరూ అక్కడికే చేరతారు. బలరాముడు నాగలితో గీసి తెచ్చాడని చెప్పుకునే నది ఇది. అందుకే లాంగుల్య అని ఇంకో పేరు. పాయకపాడు నుంచి కళ్లేపల్లి వరకు ఆయన ప్రతిష్ఠించాడనే ఐదు శివలింగాల్లో మన కోటేశ్వరుడు ఒకడు. రేపు ఒడ్డు పొడవునా ప్రహరీ గోడలు లేస్తే వీళ్లందరూ రేవులోకి ఏ సందులోంచి దిగాలి?

నదికి ఎంత దూరంలో కట్టుకోవచ్చు?

రాష్ట్ర భవన నిర్మాణ నియమావళి, అంటే 2017లో వచ్చిన జీవో 119 ప్రకారం, మున్సిపల్ పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్లు, పరిధి బయట 100 మీటర్లు వదలాలి. చెరువులకైతే నిండు నీటి మట్టం నుంచి లెక్క. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు. పది మీటర్ల కన్నా వెడల్పున్న గెడ్డకు, అంటే వాగుకు, కాలువకు 9 మీటర్లు.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. వేసవిలో నీళ్లు ఎక్కడున్నాయో అక్కడి నుంచి టేపు పట్టి కొలవరు. నది హద్దు నుంచే కొలుస్తారు. ఏప్రిల్లో ప్లాటు చూపించి "నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో చూడండి" అనే మాటకు విలువ లేదు. ఇక, ఆ వదిలిన మేరలో పార్కు, నడకదారి లాంటి వినోద అవసరాలకు నిబంధనలే చోటిచ్చాయి. అందరూ నడిచే ఒడ్డు కావాలని అడిగేవాళ్లు చట్టంలో లేనిదేమీ అడగడం లేదు.

మాకు పట్టా ఉంది, రిజిస్ట్రేషన్ కూడా అయింది. ఇంకేం భయం?

రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన హక్కు రుజువైనట్టు కాదు. ఫలానా వాళ్లు ఫలానా వాళ్లకు రాసిచ్చారని మాత్రమే రిజిస్ట్రార్ ఆఫీసు నమోదు చేస్తుంది. అమ్మినవాళ్లకు ఆ హక్కు ఉందా లేదా అన్నది మీరే చూసుకోవాలి.

మా చిన్నాన్న రిటైరైన డబ్బుతో ఒక వెంచర్‌లో ఐదు సెంట్లు కొన్నారు. నది కనిపించే ప్లాటని గజానికి ఇంకొంచెం ఎక్కువే ఇచ్చారు. రెండు వానాకాలాలు గడిచాక ఇల్లు కడదామని సర్వే చేయిస్తే సగానికి పైగా నది పోరంబోకులో తేలింది. మిగిలిన ముక్క ఆ 50 మీటర్ల లోపలే ఉంది. అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. ఆయన ఇప్పటికీ అద్దె ఇంట్లోనే ఉన్నారు. ఈ పేజీ రాయాలని నాకు అనిపించింది ఆ రోజే.

జిరాయితీ భూమే అయినా, పట్టా నిజమైనదే అయినా, నదికి వదలాల్సిన మేర వదలాల్సిందే. భూమి మీదే ఉంటుంది, దాని మీద ఇల్లు మాత్రం లేవదు. కొబ్బరి, అరటి, కూరపాదులు పెట్టుకోవచ్చు.

అయినా కొనాలనే ఉంది. ఏం చూసుకోవాలి?

ముందు సర్వే నంబరు తీసుకోండి. ప్లాటు నంబరు చాలదు. ఆ సర్వే నంబరుతో రెవెన్యూ రికార్డులైన అడంగల్, 1-బి చూడండి. మనవి ఒకప్పుడు జమీందారీ గ్రామాలు కాబట్టి, ఎస్టేట్లు రద్దయ్యాక తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ కూడా చూడాలి. ఆఫీసుల్లో ఎస్ఎఫ్ఏ అంటారు. ఇప్పటి అడంగల్‌లో జిరాయితీ అని ఉండి, ఎస్ఎఫ్ఏలో నది అనో, గయాలు (హక్కుదారు లేని ఖాళీ భూమి) అనో, గెడ్డ అనో ఉంటే అక్కడే ఆగిపోండి. మధ్యలో ఎవరు ఎలా మార్చారో తేలేవరకు అడ్వాన్స్ ఇవ్వకండి.

తర్వాత ఎఫ్ఎంబీ. అది ఆ సర్వే నంబరు కొలతల పటం. దాంతో లైసెన్సు ఉన్న సర్వేయర్ చేత నేల మీద రాళ్లు వేయించండి. ఖర్చు అవుతుంది, అయినా ఐదు సెంట్ల ధర ముందు ఆ ఖర్చు ఎంత? నిషేధిత భూముల జాబితా, అందరూ 22-ఏ అనేది, అందులో ఆ నంబరు ఉందేమో చూడండి. ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఈసీ కనీసం 30 ఏళ్లకు తీయించండి.

లేఅవుట్‌కు అనుమతి ఉందంటే నంబరు అడిగి, ఆ నంబరుతో సుడా ఆఫీసులో, అంటే శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థలో, పటం చూడండి. ఆ పటంలో నది వైపు పచ్చరంగు వేసిన పార్కు జాగా ఉంటుంది. బ్రోషర్‌లో ఆ పచ్చరంగు స్థానంలో ప్లాట్లు కనిపిస్తే మోసం అక్కడే బయటపడింది. మొత్తం విస్తీర్ణం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటిన వెంచర్ రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, నమోదై ఉండాలి. రెరా కింద అగ్రిమెంటు రిజిస్టర్ కాకముందే ధరలో పది శాతానికి మించి అడ్వాన్స్ అడగకూడదు. "ఈ ఆదివారమే ఆఫర్" అని ఎవరైనా తొందరపెడితే ఈ పది శాతం మాట ఎత్తి చూడండి.

ఆఖరుగా ఒక పని. వానాకాలంలో, రాయగడ వైపు బాగా వానలు పడిన రెండో రోజు, ప్లాటు దగ్గరకు వెళ్లి నిలబడండి. దగ్గరి ఊళ్లో డెబ్బై ఏళ్లు దాటిన వాళ్లను నీళ్లు ఎక్కడిదాకా వచ్చేవో అడగండి. ఏ ఆఫీసులోనూ దొరకని వివరం వాళ్ల దగ్గర దొరుకుతుంది.

వరద ఎప్పుడో ఒకసారి వస్తుంది. దానికోసం ఇంత భూమి వదిలేయాలా?

నాగావళి ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి దాదాపు 256 కిలోమీటర్లు ప్రవహించి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అందులో ఎక్కువ దూరం ఒడిశాలోనే. అంటే మన ఊళ్లో ఎండ కాస్తున్నా నదికి వరద రావచ్చు. 2017 జూలైలో రాయగడ జిల్లాలో కుంభవృష్టికి ఏకంగా రైల్వే వంతెనే కొట్టుకుపోయింది. అక్కడి నీళ్లు దిగేది మన వైపే. పైన ఝంఝావతి, దిగువన సువర్ణముఖి, వేగావతి నీళ్లు కూడా ఇందులోకే చేరతాయి. తోటపల్లి బ్యారేజీ, మడ్డువలస రిజర్వాయర్ ఒకేసారి గేట్లు ఎత్తితే మనకు మిగిలేది కొన్ని గంటల సమయమే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ గాలి వెళ్లిపోయిందని ఊపిరి పీల్చుకున్నాక నది పొంగిన సంగతి ఒడ్డు కాలనీలవాళ్లు మర్చిపోలేదు.

విజయవాడ చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్లల్లోకి నీళ్లు వచ్చినప్పుడు రోజుల తరబడి జనం మేడల మీదే గడిపారు. బుడమేరుకు ఉండాల్సిన జాగా కుంచించుకుపోయిందని అప్పుడు అందరూ మాట్లాడారు. మనకు ఆ జాగా ఇంకా మిగిలి ఉంది.

గట్టిగా గోడ కడితే సరిపోదా? విజయవాడ కృష్ణలంకలో కట్టారు కదా.

కట్టారు, 2024 వరదలో అది కృష్ణలంకను కాపాడింది కూడా. కాబట్టి గోడే వద్దని నేను అనను. ఇప్పటికే ఇళ్లు ఉన్న చోట, తరాలుగా జనం ఉన్న చోట, గోడ కట్టమని అడగడం న్యాయం. ఆ పేరుతో గోడ వెనక కొత్త ప్లాట్లు పుట్టించడాన్నే ఒప్పుకోకూడదు.

గోడతో ఇంకో చిక్కుంది. ఊరి కాలువలన్నీ నదిలోకే దిగుతాయి. నది నిండుగా ఉన్నప్పుడు ఆ నీళ్లు బయటికి పోలేవు, పైగా నది నీళ్లే కాలువలోంచి ఊళ్లోకి ఎదురొస్తాయి. ప్రతి కాలువ నోటికీ తలుపులు, వాటి పక్కన పంపులు, వాటికి కరెంటు పోయినా నడిచే జనరేటర్లు, అర్ధరాత్రి వాటిని వేసే మనిషి ఉండాలి. గోడకు నిధులు వస్తాయి, శంకుస్థాపన జరుగుతుంది. ఆ మనిషి జీతం గురించి ఎవరూ అడగరు.

సబర్మతి ఒడ్డులాగా మనకూ చేస్తే ఊరికి పేరు వస్తుంది కదా?

అహ్మదాబాదులో రెండు వైపులా పదకొండు కిలోమీటర్లకు పైగా కాంక్రీటు ఒడ్డు కట్టారు. నదిలో నీళ్లు నిలిచేలా నర్మద కాలువ నుంచి తెచ్చి పోస్తున్నారు. పది వేలకు పైగా కుటుంబాలను అక్కడి నుంచి కదిలించారు. మనకు పోయడానికి ఇంకో నర్మద లేదు. పైగా మన ఊరు తాగే నీళ్లు నాగావళి ఇసుకలోని ఊట బావుల నుంచే వస్తాయి. ఇసుక తవ్వేసి, ఒడ్డుకు కాంక్రీటు పోసి, వేసవిలో కుళాయి రాలేదంటే ఎవరిని అంటాం?

అయితే ఒడ్డున ఏమీ వద్దంటారా?

చాలా కావాలి. పాత వంతెన నుంచి రెండు వైపులా చెట్ల నీడలో మట్టి నడకదారి. స్నానానికి దిగే మెట్లు బాగుచేయడం. ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదులు, వాటికి నీళ్లు, తలుపులకు గడియలు. సాయంత్రం లైట్లు. బెంచీలు. వేరుశనగ కాయలు, మొక్కజొన్న పొత్తులు అమ్ముకునేవాళ్లకు వరద వస్తే తీసుకుపోగల బళ్లు. వరదొచ్చి మునిగి, తగ్గాక కడిగి మళ్లీ వాడుకునేలా అన్నీ ఉండాలి. దీనికి వందల కోట్లు అక్కర్లేదు.

ఊళ్లో డచ్ బంగ్లా లాంటి పాత కట్టడాలు ఉన్నాయి. వాటిని, కోటేశ్వరుడి గుడిని, పాత వీధుల్ని కలుపుతూ ఒక గంట నడక వేస్తే చూడటానికి బయటి నుంచి కూడా వస్తారు.

బజారు ఎందుకిలా అయింది?

నలభై ఏళ్ల క్రితం పెళ్లి బట్టలంటే, బంగారమంటే, ఇత్తడి సామానంటే చుట్టుపక్కల మండలాలన్నీ మన బజారుకే వచ్చేవి. మొదటి దెబ్బ హైవే. జాతీయ రహదారి ఊరి అంచున వెళ్లింది, షోరూములు దాన్ని పట్టుకుపోయాయి. రైలు స్టేషన్ ఎలాగూ ఆమదాలవలసలో ఉంది. విశాఖ రెండు, రెండున్నర గంటల ప్రయాణం కావడంతో పెద్ద కొనుగోళ్లు అటు పోయాయి. మిగిలినవి ఫోన్లో ఆర్డర్ పెడుతున్నాం, నాతో సహా.

అయితే నాకు అన్నిటికన్నా బాధగా కనిపించేది మేడ మీద అంతస్తులు. జీటీ రోడ్డు మీద నడుస్తూ తల పైకెత్తి చూడండి. కింద దుకాణం నడుస్తూ ఉంటుంది, పైన కిటికీలు మూసి ఉంటాయి. కుటుంబాలు కాలనీలకు వెళ్లిపోయాయి. అన్నదమ్ముల వాటాలు తేలక, ఒకరు ఊళ్లో ఒకరు అమెరికాలో ఉండి, మరమ్మతు ఎవరూ చేయించరు. పడగొట్టి కడదామంటే ఆ స్థలాలు ముందు పన్నెండు అడుగులు, వెనక్కి వంద అడుగులు. నాలుగు వైపులా వదలాల్సిన ఖాళీ వదిలితే మధ్యలో మిగిలేది వరండా. రాత్రి ఎనిమిది దాటితే బజారు చీకటి పడిపోవడానికి కారణం అక్కడ ఎవరూ కాపురం ఉండకపోవడమే.

మరి ఏం చేస్తే మళ్లీ నిలబడుతుంది?

పక్కపక్క యజమానులు ఇద్దరు ముగ్గురు కలిసి స్థలాలు ఏకం చేసి కడితే నిబంధనల్లో కొంత వెసులుబాటు ఇవ్వాలి. కింద దుకాణాలు, పైన ఇళ్లు ఉండాలి. బయటి ఊళ్ల నుంచి ఉద్యోగానికి వచ్చే నర్సులకు, టీచర్లకు, కోచింగుకు వచ్చే పిల్లలకు అద్దె గదులు ఊరి మధ్యలో దొరికితే బజారులో సాయంత్రం టిఫిన్ బండి నుంచి మందుల షాపు వరకు అన్నీ నడుస్తాయి.

ఇంకోటి అరసవల్లి. రథసప్తమికి లక్షల్లో జనం వస్తారు, మామూలు ఆదివారాలు కూడా బస్సులు నిండుతాయి. గుడి నుంచి బజారు రెండు మూడు కిలోమీటర్లే. వాళ్లు దర్శనం చేసుకుని అటు నుంచి అటే వెళ్లిపోతున్నారు. పొందూరు ఖద్దరు, బుడితి ఇత్తడి, పలాస జీడిపప్పు ఒకే వీధిలో దొరికేలా చేసి, గుడి దగ్గర నుంచి చిన్న బస్సు ఒకటి తిప్పితే, అందులో పదో వంతు దిగినా చాలు.

రోడ్డు వెడల్పు చేస్తే బజారు బాగుపడుతుందా?

కొన్ని మలుపుల దగ్గర తప్పదు. మొత్తం వీధి కొట్టేస్తే మాత్రం బాగుచేద్దామనుకున్న బజారే ఉండదు. భూమి పోయేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. 2013 భూసేకరణ చట్టం కింద పట్టణంలో మార్కెట్ విలువకు అంతే మొత్తం సోలేషియం, అంటే అదనపు పరిహారం, కలిపి ఇవ్వాలి. దానికి బదులు టీడీఆర్ బాండ్ తీసుకోమంటారు. అంటే ఇక్కడ పోయిన స్థలానికి వేరే చోట అదనంగా కట్టుకునే హక్కు, అమ్ముకోవచ్చు కూడా. విశాఖలో దానికి గిరాకీ ఉంటుంది. మన ఊళ్లో అంత ఎత్తు కట్టే బిల్డర్లే తక్కువ కాబట్టి బాండ్ కొనేవాళ్లు దొరకడం కష్టం. సంతకం పెట్టే ముందు ఇది ఆలోచించండి.

తోపుడు బళ్లు తీసేస్తే ట్రాఫిక్ తగ్గదా?

పొట్టి శ్రీరాములు మార్కెట్ దగ్గర బళ్లు తీసేస్తే ఆ జాగాలో మర్నాడు బైకులు నిలబడతాయి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే చేసి, గుర్తింపు పత్రాలు ఇవ్వాలి. అంతవరకు ఎవరినీ తొలగించకూడదు. వేరే చోటికి మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. చవకగా కూరగాయలు దొరుకుతాయనే సగం మంది బజారుకు వస్తున్నారు. బళ్లకు గీతలు గీసి వరసగా నిలబెట్టండి.

పార్కింగు?

ఊరి అంచుల్లో రెండు చోట్ల పెట్టి, లోపల నడవనివ్వండి.

ఒడ్డు ధరలు పెరిగితే మా ఇంటి పన్ను కూడా పెరుగుతుందా?

పెరుగుతుంది. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఇంటి పన్ను అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. ఆ విలువకు ఆధారం రిజిస్ట్రేషన్ ధరలు. ఒక వైపు ప్లాట్ల ధరలు ఎగబాకితే, అమ్మే ఉద్దేశం లేని పక్క వీధి ముసలమ్మ పెంకుటింటికి కూడా ఆ భారం తగులుతుంది. పాత ఇళ్లకు ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదన్న పరిమితి ఉంది గానీ, ఏటా 15 శాతం అంటే ఐదేళ్లకు రెట్టింపు.

ఇవన్నీ ఎవరిని అడగాలి?

అసలు కష్టం ఇక్కడే ఉంది. 1856లో మున్సిపాలిటీ అయిన ఊరు మనది. 2015లో కార్పొరేషన్ చేశారు. కానీ 2021లో రాష్ట్రంలో చాలా పట్టణాలకు ఎన్నికలు జరిగినప్పుడు మనకు జరగలేదు. ఏళ్ల తరబడి ప్రత్యేకాధికారి పాలనే నడిచింది. కార్పొరేటర్ ఉంటే ఆయన ఇంటి ముందు నిలబడి అడిగేవాళ్లం. నది ఒడ్డు ఏం చేయాలన్నంత పెద్ద నిర్ణయం ఎన్నికైన కౌన్సిల్ చర్చించి తీసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఈలోగా చేయగలిగినవి ఉన్నాయి. మాస్టర్ ప్లాన్‌లో జోన్ మార్పు ప్రకటన పేపర్లో చిన్న అక్షరాల్లో వస్తుంది, అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ఆ గడువులో రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. ఒడ్డున ఏదైనా పని మొదలైతే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అనుమతి కాపీ, హద్దు కొలిచిన పటం అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి ఉండాలి, దాని కాపీ కూడా అడగండి. అప్పటికీ కదలకపోతే చెన్నైలో ఉన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్‌కు వెళ్లవచ్చు. ఆలస్యం చేయకండి, సాధారణంగా ఆరు నెలల్లోపే వెళ్లాలి.

అన్నిటికన్నా ముందు ఏ పని మొదలుపెట్టమంటారు?

మురుగు. బజారు కాలువ నీళ్లు శుద్ధి చేయకుండా నదిలో కలుస్తున్నంత కాలం ఒడ్డున ఎంత అందమైన నడకదారి వేసినా ముక్కు మూసుకునే నడవాలి. ఆ కాలువలు ఊరి మధ్యలోంచే వస్తున్నాయి. కాబట్టి బజారు కింద డ్రైనేజీ బాగుచేసి, శుద్ధి చేశాకే నదిలోకి వదిలితే ఒకే పనితో రెండు చోట్లా బాగుపడుతుంది. వచ్చే బడ్జెట్‌లో దీనికి ఎంత పెట్టారో మీరు కూడా ఒక అర్జీ పెట్టి అడగండి. నేను పెట్టిన అర్జీ కాపీ కావాలంటే ఇస్తాను, పేరు మార్చి వాడుకోండి.